మింగేసిన మాట

పోయిన వారం మీరు నన్ను ఎక్కడ వదిలారో అక్కడే ఉన్నాను. మా గుడారంలో, మైదా సంచి పక్కన, మోచేతి దాకా పిండి పూసుకుని. ఆ సంచి అడుగున మా అత్తగారి తొమ్మిది గుంటల చెక్క గరిటె ఉంది. దాన్ని అక్కడ కూరింది నేనే. కింద రేవులో మోటారు పడవ సిద్ధంగా ఉంది. సరస్సు మీది మంచు కరిగాక బయల్దేరే మొదటి పడవ అది, దాన్ని నడపబోయేది నా కూతురు సొలొంగో. బయల్దేరే వాళ్ళ వెనక ఇంటి ఆడమనిషి ఆ గరిటెతో పాలు చిలకరిస్తే తప్ప మా ఖత్గల్ రేవులో మొదటి పడవ కదలదు. రేవు పెద్ద గొంబో తాత కదలనివ్వడు. పాలు లేకపోతే పడవ లేదు, పడవ లేకపోతే నా పిల్ల ఒడ్డునే ఉంటుంది, ఒడ్డున ఉంటే బతికి ఉంటుంది. నేను ఆలోచించింది ఇంతే. నేను చదివింది ఎనిమిదో తరగతి, అంతకంటే పెద్ద ఆలోచనలు నాకు రావు.

కాని తాత ఒక మాట అన్నాడు. మధ్యాహ్నం లోపల పడవ కదలకపోతే తాళంచెవి తన తమ్ముడి కొడుకు గల్సన్ చేతికి ఇస్తాడట. మొదటి పడవ ఎవరు నడిపితే ఆ వేసవంతా వాళ్ళే నడపాలి, అది ఇక్కడి పద్ధతి. సొలొంగో మూడేళ్ళుగా ఆ పడవ అడుగు గీకింది, తారు పూసింది, ఇంజను విప్పి మళ్ళీ బిగించింది. చలికాలంలో మూరెన్ పట్నం వెళ్ళి పరీక్ష రాసి పాసైంది. ఇవాళ కదలకపోతే మళ్ళీ పార్కు గేటు దగ్గర టిక్కెట్లు చింపుతూ కూర్చోవాలి.

ఇదంతా తెలిసే దాచాను. తెలియక చేసి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదు.

జూన్ నెల వచ్చినా ఈ ఏడు సరస్సు ఆలస్యంగా విడిచింది. గడ్డమంచు ఒడ్డుల దగ్గర కరిగి నాలుగు రోజులే అయింది. నడి నీళ్ళలో ఇంకా తెల్లటి పలకలు తేలుతూనే ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా అవి ఒకదానికొకటి రాసుకుని గాజుపెంకుల్లా గలగలమంటాయి. పడమటి కొండల మీద మంచు మోకాటి లోతున ఉంది. లార్చ్ చెట్లకు మాత్రం లేత పచ్చ వచ్చేసింది. పట్నాల నుంచి జనం వ్యాన్లలో దిగి, ఒక చేత్తో ముక్కు తుడుచుకుంటూ ఇంకో చేత్తో ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళకి అది అందం. నాకు మాత్రం ఆ గలగల వినిపిస్తే నా పిల్ల ఎక్కడుందో చూసుకోవాలనిపిస్తుంది.

తలుపు తెరుచుకుంది. సొలొంగో వంగి, గడప తొక్కకుండా దాటి లోపలికి వచ్చింది. ఒంటి మీద నారింజ రంగు లైఫ్ జాకెట్. చిన్నప్పుడు పడుకునేటప్పుడు కప్పిన దుప్పటి తన్నేసేది కదా అని నేను నడుముకు తాడు కట్టేదాన్ని. ఇప్పుడు ఆ జాకెట్ పట్టీలు చూసి మనసులో అనుకున్నాను, ఇంకొంచెం బిగించాలి అని.

“అమ్మా, గరిటె దొరికిందా?”

“ఎక్కడ దొరుకుతుందే! పెట్టెలు రెండూ వెదికాను. మంచాల కింద చూశాను. ఎలుకలు ఎత్తుకుపోయి ఉంటాయి.”

“ఎలుకలా?”

“ఏం, వాటికి చెక్క కొరకడం చేతకాదా?”

“మూరెడు గరిటె ఎత్తుకుపోయిన ఎలుకా! దాన్ని పట్టుకో అమ్మా, పడవలో పనికి పెట్టుకుందాం. లంగరు లాగడానికి నాకొక మనిషి కావాలి.”

నేను నవ్వలేదు. పొయ్యి మీద ఉప్పు టీ కాగుతోంది. తనే గిన్నెలో పోసుకుని పొయ్యి పక్కన కూర్చుంది. ఒక గుక్క తాగి నా చెయ్యి వైపు చూసింది.

“ఇవాళ ఏం వండుతున్నావు?”

“సేమ్యా చేద్దామని.”

“పిండి కలిపావా?”

“కలపాలి.”

“నీళ్ళే పొయ్యలేదు. మోచేతి దాకా పిండి ఎట్లా అయింది?”

చెయ్యి వెనక్కి దాచుకున్నాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, చక్కెర దొంగిలించిన పిల్లలా చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

నా కూతురు కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికయ్యేది. ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. టీ గిన్నె కింద పెట్టి, మైదా సంచి మీద చెయ్యి వేసి, మెల్లగా తట్టింది, పసిపిల్లను జోకొట్టినట్టు.

“నేను తియ్యను,” అంది. “నేను తీసుకుంటే అది ఒట్టి గరిటె అవుతుంది. నువ్వు తీసి, నువ్వు చల్లితేనే నేను వెళ్తాను. లేకపోతే తాతకి చెప్పేస్తాను, గల్సన్ని నడపమని.”

“చెప్పు మరి.”

“చెప్తాను.”

“వెళ్ళి చెప్పు.”

వెళ్ళలేదు. అక్కడే కూర్చుంది. జాకెట్ పట్టీ ఒకటి విప్పి, మళ్ళీ పెట్టి, మళ్ళీ విప్పింది. ఆ చప్పుడు నా ప్రాణం తీసింది.

“ఒకటి అడుగుతాను, కోప్పడకు,” అంది. “నేను పరీక్షకు వెళ్ళేటప్పుడు బస్సు బోల్తా పడుతుందన్నావు. పడలేదు. గేటు దగ్గర పనిలో చేరినప్పుడు ఎలుగుబంటి వస్తుందన్నావు. రాలేదు. టీ వేడిగా తాగితే గొంతు కాలిపోతుందన్నావు. బళ్ళో పొడుగు జడ వేసుకుంటే తలుపులో ఇరుక్కుంటుందన్నావు.”

“ఇరుక్కుంది!”

“ఒక్కసారి!”

“ఆ ఒక్కసారి ఇరుక్కుంది కదా? నేను అబద్ధం చెప్పానా?”

“అమ్మా. ఊళ్ళో నిన్ను ఏమంటారో తెలుసా?”

“తెలుసు. అపశకునాల సెవెల్మా అంటారు. చెడు నోటితో పలికితే అది విని వస్తుందట. మన వాళ్ళు ఎవరూ పలకరు, నేనొక్కదాన్నే పలుకుతానట. పెళ్ళికి పిలిస్తే మూలన కూర్చోబెడతారు. గొర్రెలు ఈనేటప్పుడు నన్ను చూస్తే తలుపు వేసుకుంటారు. ఇంకా చెప్పనా?”

“మరి తెలిసి కూడా ఎందుకమ్మా? నా కోసమైనా, ఒక్కరోజు, ఇవాళ ఒక్కరోజు, ఆ నోరు కుట్టేసుకోలేవా?”

తను అలవాటుగా అన్న మాట అది. అందరు కూతుళ్ళూ అనే మాటే. కాని నేను సంచి పక్కనే కింద కూర్చుండిపోయాను.

“ఒక్కరోజు కుట్టుకున్నాను తల్లీ,” అన్నాను.

ఇరవై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అనుకునేదాన్ని. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

మీకు ముందు భాగాల్లో చెప్పాను, సొలొంగో తండ్రి తొమొర్ పెట్రోలు లారీ నడిపేవాడని, పిల్లకు మూడేళ్ళప్పుడు గడ్డమంచు విరిగి లారీతో పాటు సరస్సులోకి వెళ్ళిపోయాడని. అంతవరకే చెప్పాను. నా కూతురికి కూడా అంతవరకే చెప్పాను. ఆ రోజుల్లో ఉత్తరపు కొసనున్న ఖంఖ్ నుంచి పెట్రోలు తేవాలంటే కొండ దారి లేదు, లారీలు గడ్డమంచు మీదే వెళ్ళేవి. డ్రైవర్లు దూకడానికి వీలుగా తలుపులు తెరిచి పెట్టుకుని నడిపేవాళ్ళు. అది మే నెల. ఆ ఏడాదికి ఆఖరి ప్రయాణం.

“ఆ పొద్దున నేను నీళ్ళకి వెళ్ళాను,” అన్నాను. “గడ్డమంచులో మనం గొడ్డలితో కొట్టుకున్న గుంట ఉండేది కదా, అక్కడికి. ముందు రోజుదాకా గొడ్డలి దిగని అంచు అది. బకెట్టు ముంచి పైకి లాగితే అంచు విరిగి నా చేతిలోకి వచ్చింది. గడ్డ కాదు, పుల్లలు. సన్నటి పొడుగు పుల్లలు. మంచు అట్లా పుల్లలైందంటే లోపల కుళ్ళిందనే, బరువు మొయ్యదు. బకెట్టు అక్కడే పడేసి పరిగెత్తుకుంటూ వచ్చాను.”

“నాన్నకి చెప్పావా?”

“గుడారంలో మీ నాన్నమ్మ ఉంది. మీ నాన్న బూట్లు వేసుకుంటున్నాడు. నా ముఖం చూడగానే ముసలావిడకి తెలిసిపోయింది నేను ఏదో చెడు మాట పట్టుకొచ్చానని. ‘బయల్దేరే మనిషి ముందు నోరు తెరిచావంటే చూడు,’ అంది. ‘నీ నోటి నుంచి ఇవాళ ఒక్క అపశకునం కూడా రాకూడదు. నా కొడుకు వెళ్ళి రావాలి.’ అప్పుడు కూడా నేను భయస్తురాలినే. కాని ఆయన చెవిలో మాత్రమే చెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవ్వినా సరే, వినేవాడు. ఆ రోజు ఆవిడ మా ఇద్దరి మధ్యనుంచి కదల్లేదు.”

“అయితే?”

“అయితే ఏముంది. మింగేశాను. నాకు ఇరవై ఆరేళ్ళు. నీ వయసే. అత్తగారి మాట ఎక్కువో నా చేతిలో విరిగిన పుల్లలు ఎక్కువో నాకు తేలలేదు. ఆ గరిటె తీసుకుని బయటికి వచ్చి పాలు చల్లాను. తొమ్మిది సార్లు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన లారీ ఎక్కి వెనక్కి చూశాడు. మళ్ళీ చూశాడు. నేను నవ్వాను కూడా.”

పొయ్యిలో కట్టె విరిగి పడింది. బయట ఎవరో వ్యాను హారన్ కొట్టారు.

“నేను నోరు తెరిచి ఉంటే ఆయన ఆగేవాడు. అందుకని ఆ రోజు నుంచి ఒక్కటి కూడా మింగలేదు. బస్సు, ఎలుగుబంటి, వేడి టీ, అన్నీ పైకే చెప్పాను. ఊరు నవ్వితే నవ్వనీ. చెప్పకుండా మింగిన మాట ఏం చేస్తుందో నాకు తెలుసు, వాళ్ళకి తెలీదు.”

“ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నీ తండ్రిని నేనే పంపానని ఎట్లా చెప్పను?”

అప్పుడు నా కూతురు లేచి వచ్చి, ఆ లావుపాటి జాకెట్టుతోనే నన్ను కౌగిలించుకుంది. జాకెట్ మధ్యలో అడ్డం, తన గడ్డం నా తల మీద, పిండి ఇద్దరికీ అంటింది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. దాని పొట్ట మాత్రం అదిరింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, నడుముకున్న సంచిలోంచి పరీక్ష నోట్సు తీసి, ఆఖరి పేజీ తెరిచింది.

“చెప్పు.”

“ఏం చెప్పను?”

“భయాలు. ఇవాళ్టివి. వరుసగా. ఒక్కటి కూడా వదలకు. రాసుకుంటాను.”

“ఎగతాళి చేస్తున్నావా?”

“తాత పడవ మీద ఒట్టు, కాదు. నాన్న వినేవాడన్నావుగా. నేనూ వింటాను. చెప్పు.”

ఊరంతా ఆపమనే మాటను ఒకరు కూర్చుని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. తర్వాత మొదలుపెట్టాను, మొదలుపెట్టాక ఆగలేదు.

“ఇంజను ఆగిపోతుంది.”

“తెడ్లు రెండు ఉన్నాయి. ఇంకా రెండు కట్టించాను.”

“పెట్రోలు అయిపోతుంది.”

“డబ్బా నిండా ఉంది.”

“ఆ డబ్బా కారుతుంది.”

“కొత్తది.”

“కొత్తవే కారతాయి. పట్నం ఆవిడ ఒకతె ఉంది చూడు, ఎర్ర టోపీ, ఆవిడ ఫోటో కోసం లేచి నిలబడుతుంది. పడవ ఒక పక్కకి ఒరుగుతుంది.”

“లేచి నిలబడితే వెనక్కి తిప్పేస్తానని ముందే చెప్తాను.”

“నీ జడ ఇంజనులో పడుతుంది.”

“టోపీలో దోపుకుంటాను.”

“చేతి తొడుగులు.”

“జేబులో.”

“రెండో జత?”

ఆగింది. “రెండో జత లేదు,” అని రాసుకుంది. నేను లేచి పెట్టెలోంచి తీసి ఇచ్చాను. జాకెట్ పట్టీ వదులుగా ఉందన్నాను, బిగించుకుంది. మధ్యాహ్నం తిండి తీసుకెళ్ళడం మర్చిపోతావన్నాను, పెదవి కొరుక్కుంది, నిజంగానే మర్చిపోయింది. నాలుగు మాంసం పూరీలు గుడ్డలో చుట్టి ఇచ్చాను.

పదిహేడోది అనుకుంటాను. “గాలి మళ్ళి ఉత్తరం నుంచి వీస్తుంది. నడి నీళ్ళలో ఉన్న పలకలన్నీ ఇటు కొట్టుకొస్తాయి. నువ్వు వెళ్ళేటప్పుడు రేవు తెరిచే ఉంటుంది, వచ్చేటప్పటికి మూసుకుపోతుంది.”

పెన్సిలు గాల్లోనే ఆగింది.

“ఇది నేను అనుకోలేదు,” అంది మెల్లగా. “తాత కూడా అనలేదు. నడిమధ్య నుంచి నేరుగా వెళ్ళి రమ్మన్నాడు.” గుడారం పైకప్పు కన్నంలోంచి ఆకాశం కేసి చూసింది. “తూర్పు ఒడ్డు వెంబడి వెళ్తే? పలకలు వచ్చినా రెండు చోట్ల పడవని ఒడ్డుకు లాగెయ్యొచ్చు. అక్కణ్ణుంచి నడిచి రావొచ్చు. గంట ఎక్కువ పడుతుంది, పట్టనీ.”

ఇన్నేళ్ళలో నా భయం ఒకటి ఎవరికైనా పనికొచ్చింది అదే మొదలు.

“అయితే నేనూ వస్తాను,” అనేశాను. “పడవలో. నీ వెనక కూర్చుంటాను. మాట్లాడను.”

“మాట్లాడవా!”

“తక్కువ మాట్లాడతాను.”

“రా అమ్మా. నాకూ రావాలనే ఉంది నువ్వు. కాని పాలు ఎవరు చల్లుతారు?”

ఇక్కడే చిక్కుకుపోయాను. బయల్దేరే వాళ్ళు తమకు తాము చల్లుకోకూడదు. ఉండిపోయే వాళ్ళే చల్లాలి. మా ఇంట్లో ఉన్నదే ఇద్దరం. పడవ ఎక్కితే కూతురి పక్కన ఉంటాను, కాని దాన్ని దీవించే మనిషి ఒడ్డున ఉండదు. దీవిస్తే ఒడ్డున ఉండిపోవాలి, చూస్తూ. రెండూ కుదరవు. ఇంకెవరినైనా అడగొచ్చు అనుకుంటారేమో. తల్లి బతికుండగా ఇంకొకరు చల్లరు.

సొలొంగో తొందరపెట్టలేదు. మధ్యాహ్నం దగ్గర పడుతోందని దానికి తెలుసు. గడియారం చూడలేదు. పూరీల మూట నోట్సు సంచిలో సర్దుకుంటూ నా వైపు చూడకుండా ఉంది, నాకు సిగ్గు కలగకూడదని.

సంచిలోకి చెయ్యి పెట్టాను. గరిటె వెంటనే తగిలింది. పైకి తీస్తే దాని తొమ్మిది గుంటలూ పిండితో నిండి ఉన్నాయి. ఊదాను. పిండి సొలొంగో ముఖం మీద పడింది. తుమ్మింది.

“ఎలుక ఇచ్చేసిందా?” అంది.

“ఇచ్చేసింది. నడు, ఆలస్యమవుతోంది. పరిగెత్తకు, జారుతుంది.”

*

రేవు దగ్గర గొంబో తాత చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎనభై దగ్గరికొచ్చిన మనిషి, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినిపిస్తుంది.

“దొరికిందా! ఎక్కడ దొరికింది?”

“వంటింటి సామాన్లో తాతా,” అంది సొలొంగో.

“పొద్దుట్నుంచి వంటింటి సామాన్లో వెదకడానికి ఇంతసేపా? మీ ఇల్లు గుడారమా, కోటా?”

సొలొంగో అతన్ని పక్కకి తీసుకెళ్ళి గాలి సంగతి, తూర్పు ఒడ్డు సంగతి చెప్పింది. తాత ఆకాశం చూశాడు, నీళ్ళు చూశాడు, వేలు తడి చేసి గాల్లో పెట్టాడు. “ఎవరు చెప్పారు నీకు ఇది?”

“అమ్మ.”

తాత నా వైపు తిరిగాడు. “మంచి మాటే,” అన్నాడు, నోరు నొప్పి పుట్టినట్టు. “తూర్పు ఒడ్డే పట్టుకో.” తాళంచెవి సొలొంగో చేతిలో పెట్టాడు.

పడవలో ఎక్కాల్సిన వాళ్ళు ఐదుగురు. రాజధాని నుంచి వచ్చిన ఒక జంట, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు, ఎర్ర టోపీ ఆవిడ వాళ్ళలోనే, పిల్లల అత్త కాబోలు, ముగ్గురు కలిసి ఒకే ఫోను కోసం కొట్టుకుంటున్నారు. కాదు, ఇంకొకరు ఉన్నారు, మొత్తం ఆరుగురు, లెక్క తప్పాను. ఆరో మనిషి వేరేగా ఉన్నాడు. దుంగ మీద ఒంటరిగా కూర్చున్న ముసలాయన. గోధుమరంగు పాత కోటు, నడుముకు పట్టు గుడ్డ. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీలు నిమురుతున్నాడు. జబ్బు మనిషేమో, పడవలో గుండె ఆగుతుందేమో అనుకున్నాను. సొలొంగోకి చెప్పేలోపే అతను లేచి జాకెట్ తాత చేతికి ఇచ్చేశాడు.

“నేను ఎక్కను. వీళ్ళని తీసుకెళ్ళండి.”

“ఇంత దూరం వచ్చి ఎక్కకపోవడమేంటయ్యా?”

“చూడ్డానికే వచ్చాను,” అన్నాడు.

సొలొంగో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. “పెద్దమ్మా, ఎర్ర టోపీ పెద్దమ్మా, మీకే చెప్తున్నాను. లేచి నిలబడ్డారంటే పడవ వెనక్కి తిప్పేస్తాను. మా అమ్మ ముందే చెప్పింది మీరు నిలబడతారని.”

“నేను ఆవిడకి తెలుసా?” అంది ఎర్ర టోపీ ఆవిడ, ఆశ్చర్యపోయి.

“ఆవిడకి అందరూ తెలుసు.”

పడవలో నవ్వులు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది.

నేను రేవు చెక్కల మీద నిలబడలేదు. పాల చుక్క సరస్సులో పడకూడదు, మేము అమ్మ అని పిలిచే నీళ్ళు అవి, వాటిని ఎంగిలి చెయ్యకూడదు. వెనక్కి జరిగి, గడ్డి మొదలయ్యే చోట నిలబడ్డాను. జడలబర్రె పాలు, పొద్దున పితికినవి, చెంబులో వెచ్చగా ఉన్నాయి. మొదటి గరిటె నా బూటు మీదే పడింది. అది లెక్కలోకి రాదని గట్టిగా అనుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆకాశానికి ఒకటి. కొండలకు ఒకటి. దారికి ఒకటి.

పడవ కదిలింది.

నాలుగు. ఐదు. నా పిల్ల వెనక్కి చూసింది. చెయ్యి ఎత్తలేదు, రెండు చేతులూ చుక్కాని మీదే ఉన్నాయి, ఉండమని నేనే చెప్పాను. ఆరు. వెళ్ళేవాళ్ళ వెనక కన్నీళ్ళు కార్చకూడదు. పళ్ళు బిగించాను. ఏడు. పడవ కుడికి తిరిగింది, తూర్పు ఒడ్డు వైపు. చెప్పినట్టే తిరిగింది. ఎనిమిది. నా గొంతులో ఉన్నదంతా, జాగ్రత్త, జాగ్రత్త, జాగ్రత్త, పైకే అంటున్నాను. ఎవరు విన్నా నాకు పట్టలేదు. తొమ్మిది.

గరిటె కిందికి దించాను. పడవ ఇప్పుడు బూటంత ఉంది. దాని వెనక తెల్లటి గీత. నారింజ రంగు చుక్క ఒకటి నిటారుగా.

“తొమ్మిదీ అయ్యేదాకా ఆగాను,” అంది ఒక గొంతు. “మధ్యలో మాట్లాడకూడదని.”

ఆ ముసలాయన. ఎప్పుడు వచ్చాడో, రెండడుగుల వెనక నిలబడి ఉన్నాడు. నేను తల తిప్పలేదు. పడవ కనబడకుండా పోయేదాకా తిప్పే ఉద్దేశం లేదు.

“మీరు తొమొర్ ఇల్లాలు కదమ్మా?”

ఆ పేరు మా ఊళ్ళో ఎవరూ నా ముందు అనరు. పోయిన వాళ్ళ పేరు నోట పలకరు. గొంబో తాత కూడా ‘ఆ మనిషి’ అంటాడు.

“ఎవరు మీరు?”

“చొయిజిల్ అంటారు. అప్పట్లో ఖంఖ్‌లో పశువులకి మందులిచ్చే పని చేసేవాణ్ణి.” గొంతు సర్దుకున్నాడు. “ఆ రోజు మీ ఆయన పక్క సీట్లో నేనున్నాను.”

“లేరు,” అన్నాను. “ఆ లారీలో ఆయన ఒక్కడే. అందరూ అదే చెప్పారు.”

“పెట్రోలు లారీలో మనుషుల్ని ఎక్కించుకోకూడదమ్మా. నన్ను ఊరు దాటాక ఎక్కించుకున్నాడు. అది బయటపడితే పోయినాయన పేరు చెడుతుందని చెప్పలేదు.” తల అడ్డంగా ఊపాడు. “కాదు. అది నాకు నేను చెప్పుకున్న అబద్ధం. భయం వేసి చెప్పలేదు. ఆయన అరిచాడు, నేను దూకాను, ఆయన దూకలేకపోయాడు. పాకుతూ ఒడ్డుకు చేరి, పరిగెత్తాను. ఇరవై మూడేళ్ళు పరిగెత్తుతూనే ఉన్నాను. ఈ చలికాలంలో డాక్టరు ఒక మాట చెప్పాడు నాకు, ఇక పరిగెత్తి లాభం లేదని.”

పడవ చిన్నదవుతోంది. నా వేళ్ళు గరిటెను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే దాని అంచు అరచేతిలో దిగింది.

“దారంతా మీ ఆయన ఒకే సంగతి,” అన్నాడు. “‘మా ఆవిడ ఇవాళ ఒక్క మాట కూడా అనలేదు’ అంటాడు. ‘తొడుగులు తీసుకున్నావా అని అడిగి, అడిగానా అని మళ్ళీ అడిగే మనిషి. ఇవాళ నవ్వింది. నాకు బాగాలేదు చొయిజిల్, ఆ నవ్వు నాకు బాగాలేదు.’ ఇంకో రెండు మైళ్ళు వెళ్ళాక లారీ ఆపేశాడు. దిగాడు. గడ్డమంచు మీద బోర్లా పడుకుని చెవి ఆనించి విన్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, ఎక్కి, స్టీరింగు తిప్పాడు.”

“ఎటు?”

“ఇంటివైపు.”

నేను మింగేసిన మాట ఆయనకు వినపడింది. ఇరవై మూడేళ్ళు నేను మోసినది మోయాల్సిన పనే లేదు.

“తిప్పాడా?” అన్నాను. “నిజంగా తిప్పాడా?”

“తిప్పాడమ్మా. ఈ కొండలు ఎదురుగా కనబడేదాకా తిప్పాడు.” ముసలాయన టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. “మళ్ళీ ఉత్తరానికి తిప్పించింది నేను.”

అప్పుడు, ఆ పొద్దుట్నుంచి మొట్టమొదటిసారి, నా కళ్ళు నా కూతురి పడవని వదిలేశాయి. నేను అతని వైపు తిరిగాను.